దీవి బియ్యం

మా ఆయన నోటి నుంచి 'సరే' అన్న మాట నేను ఇంతవరకు వినలేదు. 'వద్దు' అన్న మాట కూడా వినలేదు. పెళ్ళైన కొత్తలో ఇది మంచితనం అనుకున్నాను. తర్వాత మొండితనం అనుకున్నాను. మిర్యాలగూడలో వాళ్ళ దుకాణంలో ఒక పూటంతా కూర్చుని చూశాక గానీ ఇది వ్యాపారంలోంచి ఇంట్లోకి వచ్చిన అలవాటని తెలియలేదు.

వాళ్ళది వడ్ల వ్యాపారం. పాలకీడు, పెద్దవూర వైపు నుంచి రైతులు తెచ్చే వడ్లు కొని రైసుమిల్లులకు పంపుతారు. దుకాణం ముందు భాగంలో బియ్యం చిల్లరగా అమ్ముతారు. మామగారు గల్లా దగ్గర కూర్చుంటే, సరుకు చూసే పని మా ఆయనది. బస్తాలో ఇనుప గొట్టం గుచ్చి పిడికెడు వడ్లు తీస్తారు. దాన్ని మచ్చు అంటారు. ఆ మచ్చును ఆయన అరచేతిలో పోసుకుని, రెండో అరచేత్తో నలిపి, ఊక ఊది, వెలుతురుకు తిప్పి చూసి, ఒక గింజ పంటి కింద పెట్టి కొరుకుతాడు. కటుక్కుమంటే ఆరినవి, మెత్తగా నలిగితే ఇంకా పచ్చివి. నచ్చితే ఆ గింజలను పక్కనున్న ఇత్తడి గిన్నెలో పోస్తాడు. నచ్చకపోతే రెండు చేతులతో తిరిగి రైతు చేతిలోనే పోస్తాడు. నోటితో ఏమీ అనడు.

ఇది వాళ్ళ తాతగారి నాటి పద్ధతి. నీ సరుకు పనికిరాదు అన్న మాట తన దుకాణంలో వినపడకూడదని ఆయన నియమమట. తిరిగి చేతిలో పోయించుకున్న రైతు మంచినీళ్ళు తాగి, కాలువ నీళ్ళ గురించి రెండు ముక్కలు మాట్లాడి, ఏమీ జరగనట్టే ట్రాక్టరెక్కి పక్క దుకాణానికి పోయేవాడు. గిన్నెలో పడ్డ వడ్లను సాయంత్రం మా అత్తగారు డాబా మీద పిచ్చుకలకు చల్లేవారు.

నేనేమో లెక్కల టీచర్ని. జవాబు రాసి దాని కింద రెండు గీతలు కొడితే గానీ నాకు లెక్క అయినట్టు అనిపించదు. పైగా కోదాడ పిల్లని. మా ఇంట్లో ఒకటి అడిగితే నాలుగు సమాధానాలు వస్తాయి, అందులో రెండు పక్కింటివాళ్ళవి. అలాంటి నాకు ఈ గిన్నె మనిషి దొరికాడు.

పెళ్ళిచూపులకు వచ్చినప్పుడు కూడా అంతే. నన్ను చూశాడో లేదో ఇప్పటికీ నాకు అనుమానమే. మా అమ్మ బలవంతం మీద అందరూ భోజనానికి కూర్చున్నారు. ఆయన ఒక మెతుకు వేళ్ళ మధ్య నలిపి చూసి, ఈ బియ్యం ఎక్కడ కొన్నారని మా నాన్నను అడిగాడు. ఆ రోజు ఆయన మాట్లాడిన మాట అదొక్కటే. పిల్ల నచ్చలేదు కాబోలు, బియ్యం గురించి అడిగి తప్పించుకున్నాడని మా నాన్న రాత్రంతా బాధపడ్డాడు. మర్నాడు మిర్యాలగూడ నుంచి ఒక ఆటో వచ్చి మా గుమ్మం ముందు మంచి పాతబియ్యం బస్తా దించి వెళ్ళింది. అదే సంబంధం ఖాయమైనట్టని పెద్దలు తేల్చారు.

కాపురానికి వచ్చాక ఆయన్ని చదవడం నేర్చుకున్నాను. చీర తెచ్చి చూపిస్తే, నచ్చితే మంచం మీద పెట్టేవాడు, నచ్చకపోతే తిరిగి నా చేతికిచ్చేవాడు. కూరలో ఉప్పు ఎక్కువైతే గిన్నె నా వైపు జరిపేవాడు. ఏదైనా తిరిగి నా చేతిలోకి వచ్చిందంటే అది కుదరలేదని అర్థం. ఇది ఒకసారి తెలిశాక కాపురం హాయిగానే సాగింది. నేను ఇద్దరి మాటలూ మాట్లాడేదాన్ని, ఆయన ఇద్దరి మౌనమూ పాటించేవాడు.

ఊళ్ళోని ఒక ఇంగ్లీషు మీడియం బడిలో నేను లెక్కలు చెప్పేదాన్ని. సూర్యాపేటలో బి.ఎడ్. చదివినప్పుడు నాతో ఒకే గదిలో ఉన్న స్నేహితురాలు అప్పటికే మాల్దీవుల్లో ఒక చిన్న దీవిలో టీచరుగా చేస్తోంది. నువ్వూ రారాదా, లెక్కలకు మనిషి కావాలంటున్నారని ఆమె చెప్పింది. రెండు వేల ఎనిమిదిలో, దసరా సెలవుల్లో, నెట్ సెంటర్ నుంచి దరఖాస్తు పంపాను. హైదరాబాదులో ఇంటర్వ్యూ అయింది. వస్తుందని అనుకోలేదు, వచ్చింది. జనవరిలో చేరాలి. ఇల్లు వాళ్ళే ఇస్తారు. ఒక్కరే వస్తున్నారా, ఇద్దరా అన్నది డిసెంబరు మధ్యకల్లా చెప్పాలి, దాన్ని బట్టి ఇల్లు చూస్తారు.

నాకు ఆ ఉద్యోగం కావాలి. చుట్టూ సముద్రం, మధ్యలో బడి, తరగతికి పాతికమంది పిల్లలు. మా బడిలో ఒక్కో గదిలో అరవైమందిని కుక్కితే అరిచి అరిచి నా గొంతు బొంగురుపోయింది. కానీ ఆయన లేకుండా వెళ్ళడం నాకు ఇష్టం లేదు. వెళ్ళలేక కాదు, ఒంటరిగా హైదరాబాదు పోయి ఇంటర్వ్యూ ఇచ్చి వచ్చినదాన్ని నాకు భయమేమిటి. ఆయనతో ఉండటం నాకు ఇష్టం, అంతే. ఆయన రానంటే ఉద్యోగం వదులుకుందామని నిశ్చయించుకున్నాను. వదులుకుంటే మాత్రం ముసలిదాన్నయ్యేదాకా ఆయన్ని దెప్పుతూనే ఉంటానని కూడా నాకు బాగా తెలుసు.

"మీరు వస్తారా, రారా?" అని సూటిగా అడిగాను.

"సూద్దాం," అన్నాడు.

ఇంట్లో తలా ఒక మాట అన్నారు. మామగారు సీజను అయ్యాక మాట్లాడుకుందామన్నారు. ఆయన సీజను అయ్యేది సంక్రాంతి దాటాక, నేను చేరాల్సింది అంతకంటే ముందు. దుకాణానికి వచ్చే చుట్టాలు భార్య కొలువుకు భర్త తోడు పోవడం ఎక్కడైనా ఉందా అని నవ్వారు. మా అత్తగారికి నవ్వు రాలేదు.

"వాడు గాడికి పోయి ఏం జేస్తడమ్మా? నువ్వు బడికి పోతే ఇంట్ల కూసొని ఈగలు తోలుతడా?" అన్నారు.

పైగా మాది కోడిగుడ్డు కూడా గుమ్మం దాటని ఇల్లు. ఆ దీవుల్లో పొద్దున టిఫిను నుంచి రాత్రి అన్నం దాకా చేపలేనని ఎవరో చెప్పారు. అప్పటినుంచి అత్తగారు నన్ను చూసినప్పుడల్లా కందిపొడి, కరివేపాకు పొడి, నువ్వుల పొడి అంటూ ఏదో ఒకటి దంచడం మొదలుపెట్టారు. పంపడం ఇష్టం లేదంటూనే దంచేవారు. కోదాడలో మా అమ్మ ఉసిరికాయ పచ్చడికి జాడీలు కడిగి ఎండబెట్టింది. మొత్తం మీద మా ఇద్దరి ప్రయాణం గురించి మా ఆయన తప్ప అందరూ ఏదో ఒకటి చేస్తూనే ఉన్నారు.

ఆయన కూడా ఏమీ చేయలేదని కాదు. ఫొటో దిగమంటే దిగాడు. పాస్‌పోర్టుకు పెట్టమంటే పెట్టాడు. పోలీసు విచారణకు వచ్చినాయనకు టీ ఇప్పించాడు. సూర్యాపేటలో బట్టల దుకాణానికి తీసుకెళ్తే రెండు చేతులా సంచులు మోశాడు. అంగీలు కొంటుంటే కొలత ఇచ్చాడు. ఇవన్నీ చూసి నేను మురిసిపోయి, వస్తున్నట్టేగా అంటే, పాస్‌పోర్టు ఉంటే పోయినట్టేనా అన్నట్టు చూసి మళ్ళీ సంచులు ఎత్తుకున్నాడు. ఆ బస్సులో మిర్యాలగూడ దాకా నేను ఆయనతో మాట్లాడలేదు. మాట్లాడలేదన్న సంగతి ఆయన గమనించినట్టు కూడా లేదు.

ఇంటికొచ్చి పంతం కొద్దీ పెద్ద సూట్‌కేసు మంచం కిందినుంచి లాగి, ఒక పక్క నా చీరలు, ఒక పక్క ఆయన కొత్త అంగీలు సర్దాను. వస్తాడని సర్దడం కాదు, తీయమని చెప్పే దమ్ముందేమో చూద్దామని సర్దాను. ఆయన ఆ సూట్‌కేసు పక్కనుంచే అటూ ఇటూ నడిచేవాడు.

నవంబరు వచ్చింది. వడ్లు దిగాయి. మిర్యాలగూడలో ఆ రోజుల్లో ఏ వీధికి పోయినా ఊక వాసనే. దుకాణం ముందు ట్రాక్టర్లు వరస కట్టేవి. పొద్దున పోయిన మనిషి చీకటి పడ్డా వచ్చేవాడు కాదు. అడిగితే, డిగ్రీ అయిపోయి ఆ యేడే దుకాణంలోకి వచ్చిన తమ్ముణ్ణి వెంటబెట్టుకుని గోదాములో కూర్చున్నాడని మామగారు చెప్పేవారు. అన్నదమ్ములిద్దరూ బస్తాల మధ్య కూర్చుని గింజలు కొరుక్కుంటున్నారట. ఇంటికొస్తే నేను అడుగుతానని భయపడి గోదాములో దాక్కుంటున్నాడని నేను అనుకున్నాను. ఆ మాట మరిది ముందే అనేశాను కూడా. అతను నవ్వి ఊరుకున్నాడు.

ఒకరోజు అన్నం తింటూ ఆయనే నోరు విప్పాడు.

"గాడ ఏం బియ్యం తింటరు?"

నాకు నవ్వొచ్చింది. సముద్రం గురించి అడగలేదు, జీతం గురించి అడగలేదు, విమానం గురించి అడగలేదు. అక్కడ పండవు, ఓడల్లో వస్తాయట అన్నాను. ఎక్కడినుంచి వస్తాయి, ఎన్నాళ్ళు నిలవుంటాయి, సముద్రపు గాలికి ముక్కిపోవా అని వరసగా అడిగాడు. ఒక్క పూటలో ఆయన అన్ని ప్రశ్నలు అడగడం నేనెప్పుడూ చూడలేదు. అప్పుడు నాకు తట్టింది. పెళ్ళిచూపుల్లో కూడా ఆయన అడిగింది బియ్యం గురించేగా. మచ్చు చూడకుండా ఈ మనిషి ఏదీ తేల్చడు. ఇన్నాళ్ళుగా నేను మచ్చు చూపించకుండా అడుగుతున్నాను.

స్నేహితురాలికి ఫోను చేశాను. డిసెంబరు మొదట్లో సెలవులకు సూర్యాపేట వస్తోంది. వచ్చేటప్పుడు నువ్వు అక్కడ రోజూ వండుకునే బియ్యం ఒక పిడికెడు తెమ్మన్నాను. అందరూ ఆ దీవినుంచి సెంట్లు, చాక్లెట్లు తెమ్మంటారు, నువ్వేంటి బియ్యం అంటున్నావ్, మిర్యాలగూడ కోడలివి నీకు బియ్యం కరువా అని పగలబడి నవ్వింది. కారణం చెప్పాక నవ్వడం ఆపి, తప్పకుండా తెస్తానంది.

ఆమె వచ్చిన రెండో రోజే నేను సూర్యాపేట బస్సెక్కాను. వాళ్ళింట్లో చాలాసేపు కూర్చున్నాను. దీవికి ఈ చివరినుంచి ఆ చివరికి నడిచిపోవచ్చట. కూరగాయలు పడవలో వస్తాయట, పడవ ఆలస్యమైతే ఆ వారమంతా పప్పే గతి అట. పక్కింటావిడ ఆమె చేపలు తినదని తెలిసి, వేరే గిన్నెలో కొబ్బరితో ఏదో వండి పంపుతుందట. వింటుంటే నాకు ఆ దీవి మా వీధంత దగ్గరగా అనిపించింది. వచ్చేటప్పుడు ఆమె ఒక పాలిథిన్ కవరు నా చేతిలో పెట్టింది. అందులో పిడికెడు బియ్యం. వాటిని నేను హ్యాండ్‌బ్యాగులో బంగారంలా పట్టుకొచ్చాను.

మిర్యాలగూడ బస్టాండులో దిగి ఇంటికి కాదు, నేరుగా దుకాణానికే పోయాను. అప్పటికి మధ్యాహ్నం కావస్తోంది. పాలకీడు నుంచి వచ్చిన రైతులు బెంచీ మీద కూర్చుని ఉన్నారు. మా ఆయన ఎప్పుడూ కూర్చునేచోట కాకుండా పక్కన స్టూలు మీద ఉన్నాడు. ఇత్తడి గిన్నె మరిది మోకాలి దగ్గర ఉంది. రద్దీలో అటు జరిగిందేమో అనుకున్నాను. నేను కవరు విప్పి బియ్యం ఆయన అరచేతిలో పోశాను.

"దీవి బియ్యం," అన్నాను.

ఆయన లేచి గుమ్మంలో వెలుతురులోకి వెళ్ళాడు. చెయ్యి అటూ ఇటూ తిప్పాడు. వాసన చూశాడు. బొటనవేలితో నూకలు పక్కకు తోశాడు. ఒక గింజ నోట్లో వేసుకుని కొరికాడు. రైతులు కూడా మెడలు చాచి చూస్తున్నారు, వాళ్ళకు ఏ ఊరి బియ్యమో తెలియదు. మామగారు గల్లా మూత మీద చెయ్యి పెట్టుకుని అలాగే ఉండిపోయారు.

ఆయన వెనక్కి వచ్చాడు. గిన్నె వైపు చూశాడు. తర్వాత రెండు చేతులూ దగ్గరపెట్టి, ఒక్క గింజ కింద పడకుండా, ఆ బియ్యాన్ని తిరిగి నా చేతిలో పోశాడు.

నేను మంచినీళ్ళు తాగలేదు. కాలువ నీళ్ళ గురించి మాట్లాడలేదు. కవరు మూటగట్టుకుని ఇంటికి నడిచాను. దారిలో పలకరించినవాళ్ళకు ఏం చెప్పానో గుర్తులేదు. ఇంట్లోకి రాగానే సూట్‌కేసు తెరిచి ఆయన అంగీలన్నీ ఒక్కొక్కటీ తీసి మంచం మీద పడేశాను. కోపంతో ఏడ్చాను. ఉద్యోగం పోయిందని ఏడ్చానో, నాతో రావడానికి ఇష్టపడని మనిషితో ఇన్నేళ్ళు సంతోషంగా ఉన్నానే అని ఏడ్చానో చెప్పలేను. అత్తగారు వంటింట్లోంచి తొంగిచూసి, ఏమీ అడగకుండా మళ్ళీ రోలు దగ్గరికి పోయారు. రోకలి చప్పుడు మాత్రం ఆగిపోయింది.

మూడు గంటలకు ఆయన భోజనానికి వచ్చాడు. చొక్కా మీద ఊక దులుపుకుంటూ గదిలోకి వచ్చి మంచం చూశాడు.

"ఈ అంగీలెందుకు బయటికి తీసినవ్?"

"రాని మనిషికి అక్కడ చొక్కాలెందుకు? తిరిగి చేతిలో పోశారుగా," అన్నాను.

ఆయన అంగీలు పక్కకు జరిపి మంచం చివర కూర్చున్నాడు.

"గిన్నె దుకాణంది. పొద్దున్నే తమ్మునికి అప్పజెప్పిన. ఇగ దాంట్ల నేనెట్ల పోస్త?"

స్టూలు మీద ఆయన, మరిది మోకాలి దగ్గర గిన్నె, అన్నీ ఒకదాని వెంట ఒకటి కళ్ళ ముందుకు వచ్చాయి. అయినా నాకు జవాబు కింద రెండు గీతలు కావాలిగా.

"మరి నా చేతిలో ఎందుకు పోశారు?"

"ఒండుతవని."

ఏడుస్తున్న మనిషికి నవ్వొస్తే ఎంత వికారంగా ఉంటుందో ఆ రోజు అద్దంలో చూసుకున్నాను. అదేదో మొదటే చెబితే ఏం పోయిందని నిలదీశాను. దసరా నుంచి నన్ను పరేషాన్ చేశారని ఆయన భాషలోనే తిట్టాను. ఆయన ఒక అంగీ మడత పెడుతూ, తల ఎత్తకుండా చెప్పాడు.

"తమ్మునికి చెయ్యి కుదరాలె గద. వాని పని సూడకుండ నీకు మాటిస్తే, రేపు సీజన్ల నాయిన ఉండుమంటే ఏం జేస్త? నీకిచ్చిన మాట ఎనకకు తీసుకోను నేను."

అన్నదమ్ములు గోదాములో గింజలు కొరుక్కుంటూ కూర్చున్న సాయంత్రాలు అప్పుడు నాకు అర్థమయ్యాయి. నేను సూట్‌కేసు సర్దుతున్నప్పుడు ఆయనా సర్దుతూనే ఉన్నాడు, గోదాములో. నాకు సిగ్గేసింది. అంతకంటే ఎక్కువగా సంతోషమేసింది. ఈ మనిషి నా వెంట ఏ దీవికైనా వస్తాడు, కాకపోతే ఆ సంగతి నాకు అందరికంటే చివర తెలుస్తుంది.

ఆ పిడికెడు బియ్యం చిన్న గిన్నెలో వండాను. పాతబియ్యం, ఎసరు జర ఎక్కువ పెట్టమని ఆయన వంటింటి గుమ్మంలో నిలబడి చెప్పాడు. సముద్రం మీద వచ్చినా ముక్కిన వాసన లేదని, నూక కొంచెం ఉందని, మిల్లు మంచిదేనని కూడా చెప్పాడు. ఇద్దరం ఒకే కంచంలో తిన్నాం. ఇద్దరికీ సరిపడా ముద్దలు కూడా రాలేదు. అత్తగారు వచ్చి ఒక ముద్ద నోట్లో వేసుకుని, నాలుక మీద అటూ ఇటూ తిప్పి చూశారు. పచ్చిపులుసులోకి పనికొస్తదని తేల్చి, ఆగిపోయిన రోకలి మళ్ళీ పట్టుకున్నారు. వాళ్ళింట్లో ఎవరూ 'పోయి రండి' అని నోటితో చెప్పరని నాకు అప్పటికి తెలిసిపోయింది.

ఆ సాయంత్రమే నెట్ సెంటర్‌కు పోయి దీవి బడికి జవాబు పంపాను. తిరిగి వచ్చేసరికి దుకాణం దీపాలు వెలిగించారు. మరిది ఒక రైతు మచ్చును వెలుతురుకు తిప్పుతున్నాడు. మా ఆయన స్టూలు మీద కూర్చుని అతని చెయ్యి వైపే చూస్తున్నాడు. నన్ను చూసి, ఏమని రాశావన్నట్టు తలెత్తాడు.

కవరు మూలన అంటుకుని మిగిలిపోయిన నాలుగు గింజలు దులిపి ఆయన అరచేతిలో పోశాను. అలవాటు కొద్దీ వాటిని వెలుతురులో చూశాడు. ఒకటి నోట్లో వేసుకుని కొరికాడు. మిగిలినవి తన అంగీ జేబులో వేసుకున్నాడు.